బద్లీ లేని లాంచీ

ముంబై చూడ్డానికి వచ్చిన మన చుట్టాలందరూ గేట్‌వే దగ్గర ఫోటో దిగి పోతారు. భావూచా ధక్కా చూసినవాళ్ళు తక్కువ. హార్బర్ లైనులో డాక్‌యార్డ్ రోడ్డు స్టేషన్ దగ్గర దిగి, పోర్టు గోడౌన్ల పక్కనుంచి లారీలను తప్పించుకుంటూ నడిస్తే ముందు చేపల వాసన వస్తుంది. సముద్రం ఆ తర్వాత కనిపిస్తుంది. తెల్లవారుజామున ఇక్కడ చేపల వేలం. బుట్టలు, ఐసు గడ్డలు, కోళీ ఆడవాళ్ళ అరుపులు. ఆ సందడి దాటి పక్కకు పోతే మనుషుల్ని అవతలి ఒడ్డుకు దాటించే లాంచీలు ఉంటాయి.

లక్ష్మణ్ హరిశ్చంద్ర అజింక్య అనే ఆయన్ని జనం భావు అని పిలిచేవాళ్ళట. ఆయన 1841లో కట్టించిన రేవుకు ఆయన పేరే నిలిచింది. అసలు రేవు వేరే చోట ఉండేది. రేవు ఇటు వచ్చినా పేరు పోలేదు. ముంబైలో మనుషులు ఇల్లు మారినట్టే రేవులూ మారతాయి.

నేను ఈ రేవు ఎక్కడం మొదలుపెట్టింది 1991లో. మా బావకు అవతల న్హావా షేవా కొత్త పోర్టులో పని దొరికింది. అక్కను తీసుకుని ఉరణ్‌లో కాపురం పెట్టాడు. అప్పటిదాకా మా కుటుంబంలో ఎవరికీ పడవ తెలియదు. మాది సిరిసిల్ల దగ్గరి ఊరు. చెరువులో తెప్ప చూశామేమో గాని, అల మీద ఊగే పడవ ఎక్కలేదు. అక్క మొదటిసారి లాంచీ ఎక్కినప్పుడు కొంగుతో కళ్ళు మూసుకుని మోరా వచ్చేదాకా తెరవలేదు. ఇప్పుడు మోటారు సైకిళ్ళ మధ్య, కూరగాయల గోనెల మీద కూర్చుని దర్జాగా నిద్రపోతుంది.

ధక్కా నుంచి మోరాకు ముక్కాలు గంటో, గంటో. గాలిని బట్టి, నీళ్ళను బట్టి. బయలుదేరిన కాసేపటికి ఎడమ చేతి వైపు నూనె టాంకులున్న బుచర్ దీవి, దాని వెనక ఘారాపురి కొండలు. విదేశీయులు ఎలిఫెంటా అని టికెట్టు కొనుక్కుని వెళ్ళే దీవి అదే. లంగరు వేసిన పెద్ద ఓడల పక్కనుంచి పోతుంటే మన లాంచీ చీమలాగా ఉంటుంది. ఎదురుగా ద్రోణగిరి కొండ పెద్దదవుతూ వస్తే ఉరణ్ దగ్గరపడ్డట్టు. గేట్‌వే నుంచి మాండవాకు పోయే పడవలు వానాకాలం ఆగిపోతాయి. మోరా లాంచీలు వానలో కూడా నడుస్తాయి, టికెట్టు ధర మాత్రం ఆ మూడు నెలలు పెంచుతారు. ఆ రోజుల్లో టార్పాలిన్ పరదాలు దించి, లోపల అందరూ తడిసిన కోళ్ళలాగా దగ్గరగా కూర్చుంటారు.

ముప్ఫై ఏళ్ళు ఎక్కాను గాని, లాంచీ ఎవరు నడుపుతున్నారో తలెత్తి చూడలేదు. రైలెక్కి డ్రైవరు ముఖం చూస్తామా? ఇదీ అంతే. చూడాల్సి వచ్చిన రోజు సంగతే ఇది.

కాని ముందు మా నాయిన సంగతి చెప్పాలి.

నాయిన పరేల్‌లో ఒక గిర్నీలో సాంచా మీద పని చేశాడు. ఏ గిర్నీ అన్నది వదిలేయండి, ఇప్పుడక్కడ మాల్ ఉంది. పదకొండేళ్ళు ఆయన బద్లీ. మన పత్రిక చదివే పెద్దవాళ్ళకు ఆ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు, పిల్లల కోసం చెప్తున్నాను. పర్మనెంటు మనిషి రానిరోజున అతని సాంచా మీద నిలబడేవాడే బద్లీ. భోంగా మోగకముందే గేటు దగ్గర నిలబడాలి. జాబర్ వచ్చి నువ్వు, నువ్వు, నువ్వు అని వేలు చూపించి లోపలికి పిలుస్తాడు. పిలుపు రానివాళ్ళు వెనక్కి పోవాలి. మళ్ళీ మధ్యాహ్నం పాళీకి వచ్చి నిలబడాలి. నిలబడ్డ గంటలకు పగారు లేదు. వర్లీ బీడీడీ చాళ్‌లో మా గదికి నాయిన పొద్దున ఎనిమిదింటికి తిరిగొస్తే అవ్వ ఏమీ అడిగేది కాదు. చాయ్ పెట్టేది, అంతే. రాకపోతే ఆ రోజు పని దొరికిందని అర్థం.

గిర్నీలో ఎప్పుడూ బద్లీలు ఎక్కువ, పని తక్కువ. గేటు బయట మనిషి ఉన్నాడన్న భయంతోనే లోపలి మనిషి జ్వరంతో కూడా సాంచా వదిలేవాడు కాదు. నాయిన పర్మనెంటు కోసం డాక్టరు ముందు దగ్గు ఆపుకున్నాడు. దూది దుమ్ము లోపలికి పోయి వచ్చే దగ్గు అది, సోమవారం పొద్దున ఛాతీ పట్టేసేది. డాక్టరు చెయ్యి వేసే ఆ రెండు నిమిషాలు ఊపిరి బిగపట్టాడట. తర్వాత మాకు నవ్వుతూ చెప్పేవాడు. పర్మనెంటయ్యాడు. ఐదేళ్ళకు, 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది బయటికొచ్చిన సమ్మె. ఆ తర్వాత కథ మన ఇళ్ళల్లో అందరికీ ఒకటే. కొందరు భివండి సాంచాలకు పోయారు, కొందరు సిరిసిల్లకు తిరిగిపోయారు, మిగిలినవాళ్ళం ఇక్కడే ఏదో ఒకటి చేశాం. నేను లాల్‌బాగ్‌లో ఒక ప్రెస్సులో అక్షరాలు పేర్చాను.

ఇక రేవు సంగతి. 2023 సెప్టెంబరు 20, వినాయక చవితి మరునాడు. మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. "తమ్మీ, మీ బావకు ఎడమ చెయ్యి లేస్తలేదు. నిన్ను అడుగుతుండు. జల్ది రా." ఉరణ్ ఆసుపత్రిలో చేర్చారు. మాట ఇంకా ఉంది, తడబడుతోందంతే. అప్పటికి అటల్ సేతు లేదు, ఉరణ్‌కు రైలూ లేదు. రోడ్డు మీద పోతే వాశీ వంతెన మీదుగా చుట్టు తిరగాలి, పండుగ రద్దీ. లాంచీయే దగ్గరి దారి. ఆరు గంటలకు ధక్కా మీద ఉన్నాను. నాలాగా వందమంది ఉంటారు. చేతుల్లో పూలు, మోదకాల డబ్బాలు, ఉరణ్‌లో గణపతి చూడ్డానికి పోయేవాళ్ళు.

లాంచీ కట్టేసి ఉంది. ఎక్కనివ్వలేదు. కాసేపటికి టికెట్ల కిటికీలోంచి డబ్బులు వాపసు ఇవ్వడం మొదలుపెట్టారు. జనం అరవడం మొదలుపెట్టారు. లాంచీ ముందు భాగంలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఖాకీ నిక్కరు, బనియను, మెడలో తువ్వాలు. ఆయనే సరంగు అని ఎవరో చూపించారు. నేను జనాన్ని తోసుకుని ముందుకు పోయాను. ఏమన్నానో అంతా రాయలేను. మరాఠీలో అన్నాను. అక్కడ మనిషి చస్తుంటే మీరిక్కడ కూర్చున్నారా అన్నాను. కామ్‌చోర్ అన్నాను. ఆ మాట మాత్రం గుర్తుంది.

ఆయన లేచి నిలబడలేదు. గొంతు పెంచలేదు. "కాకా, బద్లీ నాహీ" అన్నాడు. బద్లీ లేడు అని. అంతే, మళ్ళీ నీళ్ళవైపు తిరిగాడు.

నేను డాక్‌యార్డ్ రోడ్డుకు తిరిగొచ్చి, రైలెక్కి బేలాపూర్‌లో దిగి, అక్కడ్నుంచి బస్సులో ఉరణ్ చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. బావకు మాట పడిపోయింది. నా చెయ్యి పట్టుకున్నాడు. ఏదో చెప్పాలని నోరు కదిపాడు. రాలేదు. ఎనిమిదిన్నర దాకా మాట్లాడాడని అక్క చెప్పింది. ఏం మాట్లాడాడో అక్కకూ సరిగ్గా అర్థం కాలేదు. సిరిసిల్లలోని ఇంటి కాగితాల గురించి అనుకుంటాం మేమిద్దరం. ఇప్పటికీ అది తేలలేదు.

కోపం పోలేదు. కాని ఆ మాట కూడా పోలేదు. మా ఇంట్లో పదకొండేళ్ళు అన్నంతోపాటు తిన్న మాట అది. గిర్నీ గేటు బయట వంద మంది ఉండే బద్లీ, ఈ రేవులో ఒక్కడూ లేకపోవడమేమిటి?

మూడు వారాలకు బావను ఇంటికి తెచ్చారు. చూడ్డానికి పోతూ అదే లాంచీ దొరకబుచ్చుకుని, పైన సరంగు దగ్గర నిలబడ్డాను. క్షమించమని అడుగుదామని పోయాను. ఆయనకు నేను గుర్తే లేను. "రోజూ ఎవరో ఒకరు తిడతనే ఉంటరు కాకా. ముఖాలు యాద్ పెట్టుకుంటే లాంచీ నడవదు" అన్నాడు. మరాఠీలో అన్నదాన్ని మన మాటలో రాస్తున్నాను. కాకా అన్న పిలుపు మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే.

ఆయనది రత్నగిరి వైపు ఊరు. ఈ లాంచీల్లో చాలామంది కొంకణం వాళ్ళే. చవితికి కొంకణంలో ఇంటికి పోకుండా ఎవరూ ఉండరు. మన బతుకమ్మకు ఆడపిల్లలు పుట్టింటికి పోయినట్టు, అక్కడ గణపతికి మగవాళ్ళు ఊరికి పోతారు. ఇక్కడేమో సరిగ్గా ఆ వారమే జనం ఎక్కువ. ఆ రోజు కళాసీలు ఇద్దరు ఊరికి పోయారు. ఇంజను డ్రైవరు చెయ్యి ముందురోజు వేడి పైపుకు తగిలి కాలింది. మిగిలింది సరంగు, ఒక కుర్రాడు. పొద్దున మొదటి లాంచీ నుంచి ఆయనే చక్రం పట్టుకున్నాడు. కుర్రాణ్ణి ఇంజను దగ్గర కూర్చోబెట్టి నాలుగు ట్రిప్పులు తిప్పాడు. ఐదోదానికి ఆకాశం నల్లబడింది. తాడు పట్టేవాడు లేకుండా, వందమందితో, చీకట్లో మోరాకు పోయి లాంచీని కట్టలేనన్నాడు. "నేను ఎక్కించుకుని పోతే నువ్వు నన్ను తిట్టకపోదువు. పోయి గోడకు కొట్టుకుంటే?" అన్నాడు.

ఈ లాంచీల పని ఎట్లా సాగుతుందో ఆ రోజు చూశాను. పాత చెక్క లాంచీ. సరంగు పైన చక్రం దగ్గర ఉంటాడు. ఇంజను కింద, డెక్కు లోపల ఉంటుంది. ఇంజను మనిషికి సముద్రం కనిపించదు. పైనుంచి సరంగు తాడు లాగితే కింద గంట మోగుతుంది. ఒక గంటకు ఒక అర్థం, రెండింటికి ఇంకో అర్థం. ముందుకా, ఆపడమా, వెనక్కా అన్నది గంటలోనే ఉంది. కింద వేడి, డీజిలు పొగ, చెవులు పగిలే చప్పుడు. తొంగిచూస్తే నాకు నాయిన పని చేసిన ఖాతా గుర్తొచ్చింది. అక్కడా మాట వినబడేది కాదు, పెదవులు చూసి అర్థం చేసుకునేవాళ్ళు. ఇంట్లో కూడా నాయిన అరిచినట్టు మాట్లాడేవాడు. ఈ ఇంజను కుర్రాడూ అంతే, పైకొచ్చి టీ తాగుతూ నాతో గట్టిగా అరిచి మాట్లాడాడు.

కళాసీ పని చూడ్డానికి తేలిక. లాంచీ ధక్కాకు మూరెడు దూరంలో ఉండగా దూకాలి. తాడు గుంజకు చుట్టాలి. అలకు లాంచీ లేచినప్పుడు వదులు, దిగినప్పుడు బిగువు. పక్కన వేలాడే టైర్లు గోడకు రాసుకుంటుండగా ముసలమ్మల చెయ్యి పట్టి దాటించాలి, మోటారు సైకిలు ఎత్తి ఇవతల పెట్టాలి. ఇద్దరు చేసే పని ఒక్కడు చేస్తే ఒక చెయ్యి తాడు మీద ఉంటుంది, ఒక చెయ్యి ముసలమ్మ మీద. ఏది వదలాలో అలే చెబుతుంది.

1928లో గిర్నీ కార్మికులు ఆరు నెలలు సమ్మె చేసింది దాదాపు ఇందుకే. రెండు సాంచాలు చూసే మనిషిని మూడు చూడమన్నారు. మా తాతల కాలం. ఆ సమ్మె కథలు చాళ్‌లో ముసలివాళ్ళు చెప్పేవాళ్ళు. మూడో సాంచా చూస్తే తెగిన నూలు కనిపించదు, గుడ్డ చెడుతుంది. ఇక్కడ చెడేది గుడ్డ కాదు.

మరి కొత్తవాళ్ళు ఎందుకు రారు? పనిలేక మన పిల్లలు తిరుగుతున్న ఊళ్ళో ఈ పనికి మనిషి దొరకడా? నేనూ అదే అడిగాను. సరంగు కావాలంటే ఊరికే కాదు, ఏళ్ళ తరబడి నీళ్ళ మీద పని చేసి, పరీక్ష పాసై, సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. ఆ సర్టిఫికెట్టు చేతికొచ్చిన కుర్రాడికి పోర్టులో టగ్గుల మీద, డ్రెడ్జర్ల మీద పగారు రెండింతలు. "నా కింద ఇద్దరు నేర్చుకున్నరు. ఇద్దరూ పోయిండ్రు. మంచిగనే ఉన్నరు, పండుగకు ఫోన్ చేస్తరు" అన్నాడు సరంగు. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు, మేష్టారి ముఖంలా ఉంది. ఇక్కడ ఉండేవాళ్ళకు పగారు చేతికే, పీఎఫ్ లేదు. రాత్రి పడక లాంచీ డెక్కు మీదే. వంట అక్కడే, స్టవ్ మీద.

ఇంకో సంగతి. మోరా రేవులో బురద మేట వేస్తుంది. సముద్రం తగ్గినప్పుడు లాంచీ ధక్కాకు రాలేదు. మరాఠీ వాళ్ళు భరతీ, ఓహోటీ అంటారు. మన గోదావరి జిల్లాల వాళ్ళు పోటు, పాటు అంటారట. మా చాళ్‌లో నరసాపురం వైపు కుటుంబం ఒకటి ఉండేది, వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. పాటు వేళ లాంచీ గంటో, రెండు గంటలో నీళ్ళలోనే ఆగుతుంది. ఆ గంటలు పనిలోకి రావు. కాని లాంచీ వదిలి ఇంటికి పోవడానికీ లేదు. గిర్నీ గేటు దగ్గర నాయిన నిలబడ్డ గంటలు లాంటివే ఇవీ.

ఇదంతా చెప్పాక ఆయన ఇంకోటి చెప్పాడు. చెప్పాలని చెప్పలేదు. ఎదురుగా వచ్చే చేపల పడవను కుర్రాడు ముందు చూసి కేకేశాడు. ఆయన తర్వాత చూశాడు. నేను ఆయన కళ్ళలోకి చూశాను. కుడి కంట్లో పాలచుక్కలా తెల్లగా ఉంది. శుక్లం. ఎనిమిది నెలలుగా డాక్టరు ఆపరేషను చేయించుకోమంటున్నాడట. "నెల రోజులు ఎండలో, ఉప్పుగాలిలో ఉండొద్దంటరు. నెల రోజులు ఎవరు నడపాలె?" ఎడమ కన్ను బాగుందన్నాడు. ఈ దారి కళ్ళు మూసుకుని పోగలనన్నాడు. అది గొప్ప కోసం అన్నమాట కాదు, నిజమే అయి ఉంటుంది. కాని దారి మారకపోయినా ఎదురొచ్చే పడవ ప్రతిసారీ కొత్తదే కదా.

అప్పుడు నాకు నాయిన డాక్టరు ముందు బిగపట్టిన ఊపిరి గుర్తొచ్చింది. నాయిన దగ్గు దాచినందువల్ల పోయింది ఆయన ఊపిరే. ఈయన కన్ను దాచితే?

ఎవరికైనా చెప్పాలా? చెబితే ఏమవుతుంది, సరంగు చెయ్యి కిందికి దించుతారు, లాంచీ ఆగుతుంది, బద్లీ లేడు కాబట్టి ఆగే ఉంటుంది. ఆ మనిషి అరవై దాటాక రత్నగిరికి ఖాళీ చేతులతో పోతాడు. చెప్పకపోతే? నేను చెప్పలేదు. ఆ రోజు అదే లాంచీలో తిరిగొచ్చాను కూడా, తెలిసీ ఎక్కాను. ఆ తర్వాత నాలుగు నెలల్లో ఇంకో ఆరేడు సార్లు ఎక్కాను. ఎక్కిన ప్రతిసారీ ముందు భాగంలో నిలబడి, నేనేదో కళాసీనైనట్టు, ఎదురుగా ఏమొస్తున్నదా అని చూస్తూ పోయాను. ఇది రాయడం నాకు గొప్పగా లేదు.

అక్కతో అన్నాను ఒకసారి. బావకు గంజి తాగిపిస్తూ వింది. "నువ్వొక్కనివే ఎక్కితే నీ ఇష్టం. ఆడపిల్లలు కాలేజీకి పోయి వస్తరు దాంట్ల. పోయి ఆయనకు చెప్పు. వాళ్ళకు వీళ్ళకు కాదు, ఆయనకే చెప్పు" అంది. అక్క ఎప్పుడూ అంతే, దారి సూటిగా చూస్తుంది.

చెప్పాను. వినలేదు. మళ్ళీ చెప్పాను. పరేల్‌లో ఉచితంగా ఆపరేషను చేసే చోటు చూశాను, నాకు తెలిసినవాళ్ళున్నారు. చివరికి 2024 జూన్‌లో, వాన మొదలై జనం తగ్గాక, పోయాడు. నేనే తోడు పోయాను. పెద్దగా పట్టలేదు. ఆయన భార్య రత్నగిరి నుంచి వచ్చింది, కొబ్బరికాయలు తెచ్చింది.

ఆ నెల రోజులు ఆ లాంచీ ధక్కాకు కట్టేసే ఉంది. మిగతా లాంచీల్లో జనం కిక్కిరిశారు. వానలో నిలబడి తిట్టుకుంటూ పోయారు. ఒకరోజు నా పక్కన నిలబడ్డ ఒకాయన, "ఈళ్ళకు పని చెయ్యబుద్ధి కాదు" అన్నాడు. నేను ఏమీ అనలేదు. తొమ్మిది నెలల కింద నా నోటి నుంచి వచ్చిన మాటే అది.

మధ్యలో రాయాల్సిన సంగతి దాటిపోయాను. 2024 జనవరి 12న అటల్ సేతు తెరిచారు. 21.8 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం సముద్రం మీద. కారుకు ఒకవైపు 250 రూపాయల టోలు పెట్టారు, మోటారు సైకిళ్ళనూ ఆటోలనూ రానివ్వరు. అదే రోజు ఉరణ్ దాకా లోకల్ రైలూ మొదలైంది. బావ ఆ నెలాఖరున పోయాడు. దినాలకు నేను రైల్లోనే పోయాను. కూర్చోను చోటుంది, ఫ్యాను ఉంది. బావ ఉన్నప్పుడే ఈ రైలుంటే, అనుకుంటూ పోయాను. కాబట్టి వంతెన ఎందుకు, రైలు ఎందుకు అనే మనిషిని కాను నేను. ఆ సెప్టెంబరులో రైలుంటే బావ మాట నాకు దక్కేది.

కాని రైలొచ్చాక లాంచీకి జనం తగ్గారు. జనం తగ్గారని యజమాని మనిషిని పెట్టడు. మనిషి లేక ట్రిప్పు తప్పుతుంది. ట్రిప్పు తప్పిందని ఇంకొంత జనం రైలుకు పోతారు. మిగిలేది ఎవరు? చేపల బుట్టలవాళ్ళు, మోటారు సైకిళ్ళవాళ్ళు, ధక్కా చుట్టుపక్కల పనిచేసే మోరా వాళ్ళు, బేలాపూర్ మీదుగా తిరిగి రావడానికి రెండు గంటలు లేనివాళ్ళు. మూతపడుతుందన్న పని నేర్చుకోవడానికి ఏ కుర్రాడు వస్తాడు? 82 తర్వాత మా ఇళ్ళల్లో ఏ తండ్రీ కొడుక్కి సాంచా నేర్పలేదు.

యానాం పాఠకులకు ఇది కొత్త కాదనుకుంటాను. 2002లో బాలయోగి వారధి వచ్చేదాకా ఎదుర్లంకకు మీరు పంటు మీదే దాటారు. మా నరసాపురం పొరుగావిడ చెప్పేది, వాళ్ళ రేవును ఏటా వేలం పాడతారని, పాటదారుకు మనుషుల కంటే పాట సొమ్మే లెక్క అని. మీ పంటు మీద తాడు పట్టినవాళ్ళు తర్వాత ఏం చేశారో, ఎవరికైనా తెలిస్తే మన పత్రికకు రాయండి. సరంగు, కళాసీ అన్న మాటలు అక్కడా ఇక్కడా ఒకటే కదా.

2024 డిసెంబరు 18న గేట్‌వే నుంచి ఘారాపురి పోతున్న లాంచీని, ఇంజను పరీక్షలో అదుపు తప్పిన నౌకాదళం స్పీడ్ బోటు గుద్దింది. 15 మంది పోయారు. టీవీలో చూస్తూ అక్క నాకు ఫోను చేసింది, నేను ఇంట్లోనే ఉన్నానని తెలిసీ చేసింది. తర్వాత వారం మోరా లాంచీ ఎక్కితే, తాడు పట్టే కుర్రాడే లైఫ్ జాకెట్లు మోసుకొచ్చి పంచుతున్నాడు. కట్టుకోవడం రానివాళ్ళకు కట్టి చూపిస్తున్నాడు. మంచి పనే. పని ఇంకొకటి పెరిగింది, మనిషి పెరగలేదు.

మా సరంగు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని చక్రం దగ్గర ఉన్నాడు. దూరంగా లంగరు వేసిన ఓడ పేరు చదివి వినిపించాడు నాకు, కుడి కన్ను ఒక్కటే తెరిచి. నాకు కనిపించలేదు. నవ్వాడు. ఇంజను డ్రైవరు మానేశాడట, ఆనాటి కుర్రాడే ఇప్పుడు పూర్తిగా కింద ఉంటున్నాడు. పైన కొత్త కుర్రాడు వచ్చాడు, ఒరియా వాడు, మరాఠీ రాదు. గంటల అర్థం వాడికి చేతి వేళ్ళతో నేర్పిస్తున్నాడు.

మోరా దగ్గరపడింది. నీళ్ళు తగ్గుతున్నాయి, కాసేపు ఆగాలన్నాడు. లాంచీ ఊగుతూ నిలబడింది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని అడిగాడు.

"కాకా, గిర్నీలు బంద్ అయినంక ఆ సాంచాలన్నీ ఏమైనయి?"

"భంగార్ కింద అమ్మిండ్రు. కిలోల లెక్కన" అన్నాను.

ఆయన తలూపాడు. నీళ్ళవైపు కాసేపు చూశాడు. తర్వాత తాడు అందుకుని రెండు సార్లు లాగాడు. కింద గంట మోగింది.